మోటరు లేని నీళ్ళు

మొన్నొక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగేసరికి వాన పట్టుకుంది. తలదాచుకోవడానికి దొరికింది ఒక చేపల దుకాణం. లోపల వరసగా గాజు పెట్టెలు, నీలం లైట్లు, బుడబుడమంటూ గాలి గొట్టాలు. వాటి మధ్య ఒక పెట్టె మాత్రం చప్పుడు చెయ్యకుండా ఉంది. అడుగున మట్టి, మట్టి మీద ఇసుక, ఇసుకలోంచి పైదాకా ఆకులు, ఆకుల సందున నాలుగైదు చిన్న చేపలు.

దుకాణదారు నా చూపు పట్టేశాడు.

"కొత్త కాన్సెప్ట్ సార్. ఫిల్టర్ లేదు, మోటర్ లేదు, వారం వారం నీళ్ళు మార్చుడు లేదు. ఫారిన్‌ల గిదే నడుస్తున్నది."

"ఫారిన్‌లో ఎక్కడ?"

కొంచెం ఆలోచించాడు. "అంతటా సార్."

మూత తీసి చూపించాడు. తడిమట్టీ, పచ్చినాచూ, ఎండ తగిలిన నీళ్ళూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. నాకు బాగా తెలిసిన వాసన. ఆయన చెబుతున్న ఫారిన్ నా చిన్నప్పుడు మా ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేది.

మా ఇల్లు కొత్తపేట దాటి ఎల్.బి.నగర్ వైపు వెళ్ళే దారిలో, లోపలి గల్లీలో ఉండేది. గల్లీ చివర ఒక ద్రాక్షతోట మిగిలి ఉంది. తోట అనడం మర్యాదకు. రాతి స్తంభాలూ, ఎండు తీగలూ, వాటిని ఇంకా నమ్ముకుని ఉన్న ఒక కాపలా ముసలాయనా, అంతే. ఎండాకాలం వస్తే పండ్ల మార్కెట్టు నుంచి మామిడిపండ్ల వాసన, వాటికింద పరిచిన గడ్డి వాసన కలిసి మా గల్లీలోకి వచ్చేవి. మిగతా ఏడాదంతా గల్లీకి మా ఇంటి వాసనే గతి. అది వార్నీషు వాసన.

నాన్న మోటర్లకు వైండింగ్ చేసేవాడు. ఇంటి ముందుగది పక్కనే ఆయన దుకాణం. నల్గొండ వైపు నుంచి కాలిపోయిన బోరు మోటర్లు బస్సుల టాపు మీద కూర్చుని మా ఇంటికి వచ్చేవి. నాన్న ఒక్కొక్కదాన్ని విప్పి, వాసన చూసి, అది ఏ పాపం చేసి కాలిందో చెప్పేవాడు. నల్లబడ్డ రాగితీగ తీసేసి, కొత్తది చుట్టి, వార్నీషు పట్టించి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ బస్సెక్కించేవాడు. లోకంలో తిరిగే వస్తువులూ, తిరగని వస్తువులూ అని రెండే రకాలున్నాయని ఆయన నమ్మకం. తిరగనివంటే తన దగ్గరికి ఇంకా రిపేరుకు రానివి.

అప్పట్లో ముందుగదిలో చేపల పెట్టె ఉండటం గౌరవం. మాకూ ఒకటుండేది. అడుగున గులాబీ రంగు రాళ్ళు, వాటి మీద ఒక ప్లాస్టిక్ ఈతగాడు, అతని టోపీలోంచి బుడగలు. ఆ బుడగల మోటరు నాన్న స్వయంగా చుట్టింది. చేపలకు కావలసినదానికన్నా కొంచెం పెద్దది. అది తిరుగుతున్నంతసేపూ గోల్డ్ ఫిష్‌లు ఎదురీదుతూ ఉన్నచోటే ఉండేవి. వచ్చిన చుట్టాలు, చేపలు ఎంత హుషారుగా ఉన్నాయో అని మెచ్చుకునేవాళ్ళు.

ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి ఆ పెట్టె కడిగేవాళ్ళం. పాతనీళ్ళు చుక్క మిగలకుండా పారబోసి, రాళ్ళను ఉప్పుతో తోమి, గాజును సబ్బుతో రుద్ది, అప్పుడే వచ్చిన నల్లా నీళ్ళు నింపేవాళ్ళం. ఆదివారం శుభ్రత, సోమవారం సంతాపం, మంగళవారం కొత్త చేపలు. ఈ మూడింటికీ ఏమైనా సంబంధం ఉందేమోనని మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. అంత శుభ్రంగా పెట్టినా చచ్చిపోతున్నాయంటే ఆ చేపల్లోనే ఏదో లోపం ఉండాలి.

అలాంటి ఇంటి పై వాటాలోకి టీచరు దిగింది. గోదావరి జిల్లా మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. ఒక్కతే ఉండేది. ముడిలో పెన్ను, భుజం మీద చాక్‌పీసు పొడి. ఇల్లు చూసుకోవడానికి వచ్చినప్పుడే నీళ్ళెప్పుడొస్తాయని అడగకుండా, పొద్దుటి ఎండ ఏ కిటికీలో పడుతుందని అడిగి నాన్నను ఇబ్బంది పెట్టింది. సామాను ట్రాలీ ఆటోలో వచ్చింది. మంచం, స్టవ్వు, పుస్తకాల పెట్టెలు, ఒక ఖాళీ గాజు పెట్టె. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తన ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది మాత్రం ఒక తడి తువ్వాలు మూట. పసిపిల్లేమోనని మా నాయనమ్మ ఎదురెళ్ళింది.

"ఏముంది బిడ్డా మూటల?"

"నాచండి మామ్మగారూ."

నాయనమ్మ మూట విప్పి చూసి, మళ్ళీ ముడివేసి ఆవిడ చేతిలో పెట్టి, మా అమ్మ వైపు తిరిగి "సదువుకున్నోళ్ళు" అని మాత్రం అంది.

కానీ చెరువుమట్టి కావాలని టీచరు అడిగినప్పుడు ఊళ్ళో తమ్ముడికి కబురు పెట్టింది నాయనమ్మే. ఒండ్రుమట్టి యూరియా సంచిలో బస్సెక్కి వచ్చింది. టీచరు సంచి మీద అక్షరాలు చదివి, మట్టి వాసన చూసి, ఎంతో వినయంగా దాన్ని వాకిట్లో మల్లెచెట్టుకు సమర్పించింది. యూరియా తగిలితే నీళ్ళు పచ్చబడి చేపలు పోతాయని వివరించింది. నాయనమ్మ కొంచెం నొచ్చుకుంది కానీ, రెండోసారి మట్టి గోనెసంచిలో తెప్పించింది.

టీచరు ఆ మట్టిని జల్లించి అడుగున పరిచింది. దానిమీద కడిగిన ఇసుక. తువ్వాలులోని మొక్కలు ఒక్కొక్కటే వేలితో గుచ్చింది. ఇసుక కదలకుండా పళ్ళెం పెట్టి, పళ్ళెం మీద నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు కూడా ముందురోజు పట్టి బకెట్లో నిలవబెట్టినవి. నేనూ అక్కా గుమ్మంలో చతికిలబడి చూస్తున్నాం. అంతలో నాన్న వచ్చాడు. పెట్టె వెనక చూశాడు, పక్కన చూశాడు, వంగి బల్లకింద కూడా చూశాడు.

"మోటరేది మేడం?"

"లేదండి అన్నయ్యగారూ."

"ఇంక తేలేదా?"

"అవసరం లేదండి."

మోటరు విషయంలో నాన్న ఈ మాట అంతవరకూ విని ఉండడు. "నా దగ్గర పాతదొకటుంది. ఊకెనే ఇస్త" అన్నాడు, ఎదుటివాళ్ళ పేదరికం గురించి మాట్లాడేటప్పుడు వాడే గొంతుతో.

"వద్దండి. మొక్కలు చూసుకుంటాయి."

ఆ పూట అన్నాల దగ్గర నాన్నకు ముద్ద దిగలేదు.

"ఎవరన్న చెప్పుండ్రి ఆమెకు. నిలబడ్డ నీళ్ళల్ల చేపలు బతుకుతయా?"

నాయనమ్మ జొన్నరొట్టె తుంచుతూ, "మన బాయిల బతకలే?" అంది.

"బాయి ముచ్చట వేరే."

"ఏం వేరే? తాబేలుండె, చేపలుండె, నాచుండె. నీళ్ళు కొబ్బరినీళ్ళోలె ఉండె. గప్పుడు మోటరెక్కడిది?"

"గా బాయి ఎండిపాయె గదనే అమ్మా."

"నువ్వు మోటరు పెట్టినంక ఎండింది."

నాన్న పచ్చిపులుసు మరో గరిటె పోసుకున్నాడు.

టీచరు చాలారోజులు చేపలు వెయ్యలేదు. నీళ్ళు ముందు మసకబారాయి, తరవాత తేరుకున్నాయి, మొక్కలు పాత ఆకులు రాల్చి కొత్తవి వేశాయి. ఆవిడ మాత్రం చేపలు లేని చేపల పెట్టె ముందు కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేది. గల్లీలో ఆవిడ మీద జాలి పెరిగింది. ఒకరిద్దరు మంచి సంబంధాలు కూడా ఆలోచించారు.

చివరికి గప్పీలు వచ్చాయి. గోరంత చేపలు, తోకలు మాత్రం పెళ్ళిచీరల్లా. ఎక్కడినుంచో నత్తలు కూడా తయారయ్యాయి. నేనూ అక్కా బడి నుంచి రాగానే మెట్లెక్కేసేవాళ్ళం. ఆ పెట్టెలో చూడటానికి ఎప్పుడూ ఏదో ఒకటుండేది. ఆకు కింద దాక్కున్న పిల్లచేప. గాజు మీద నత్త నడిచిన దారి. నత్తలకు మేం పరుగుపందేలు పెట్టేవాళ్ళం. పందెం మొదలుపెట్టి, కిందికెళ్ళి హోంవర్కు చేసుకుని, మళ్ళీ వచ్చి గెలిచిందెవరో చూసుకునేవాళ్ళం. కిటికీలోంచి ఎండ పడితే నీళ్ళలో ఆకుల నీడలు గోడదాకా వచ్చి ఊగేవి. అప్పుడు గదిలోకి వచ్చినవాళ్ళెవరైనా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. కింద మా పెట్టె ముందు, మోటరు చప్పుడుకు అందరం గొంతు పెంచేవాళ్ళం.

టీచరు ఆ పెట్టెకు చేసే సేవ చూసి నాకు మొదట్లో నిరాశగా ఉండేది. చిటికెడు మేత, అదీ ఒకరోజు విడిచి ఒకరోజు. తగ్గిన నీళ్ళకు బదులు ఒక చెంబెడు. ఎక్కువైన కొమ్మలు కత్తిరించి, డాబా మీద నాయనమ్మ ఊరినుంచి తెచ్చుకుని పారెయ్యలేక పెట్టుకున్న సిమెంటు గోలెంలో, పశువులకు నీళ్ళు పెట్టే ఆ పెద్ద తొట్టిలో, పడేసేది. అంతే. తరవాత కొంగు వేలికి చుట్టుకుని కూర్చునేది. ఏదైనా సర్దాలనిపించినప్పుడు కొంగు ఇంకో చుట్టు చుట్టుకునేదని కొన్నాళ్ళకు కనిపెట్టాను. పెట్టెలో పని లేక కాదు. చెయ్యి పెట్టకుండా ఉండటమే ఆవిడ చేసే పని. ఆ వయసులో నాకు తెలిసిన పెద్దవాళ్ళలో దేన్నైనా దాని మానాన వదిలేసింది ఆవిడొక్కతే. ఆ వదిలేసినవాటిలో నన్ను కూడా కలిపే చెబుతున్నాను.

మురుకుల పొడి మేం రహస్యంగా వేసేవాళ్ళం. ఆవిడకు చెప్పింది చేపలే. ఆవిడ దగ్గరికి వెళితే కదలనివి, మేం వెళితే గాజుకు ముక్కులు ఆనించేవి.

"వీటి భోజనం అయిపోయినట్టుందే. ఇంక మీ భోజనం చూద్దాం రండి" అని మా ఇద్దరికీ ఆవపెట్టిన అరటికాయ కూరతో అన్నం కలిపి పెట్టింది. ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కి కళ్ళనీళ్ళు తిరిగాయి. అది శిక్షో మర్యాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు కాబట్టి నాయనమ్మ అందులో తపాలచెక్క పెట్టి పంపింది. ఆ గిన్నె అలా కొన్నేళ్ళు ప్రయాణం చేసింది.

ఒకరోజు మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతున్న అమ్మతో టీచరు చెబుతుంటే విన్నాను. ఒంటరి ఆడమనిషికి ఇల్లివ్వడానికే చాలామంది ఆలోచిస్తారట. ఇచ్చినవాళ్ళూ ఏడాది తిరిగేలోపు, మా తమ్ముడొస్తున్నాడనో, మరిది కాపురం పెడుతున్నాడనో అంటారట.

"పెట్టె కదపాలంటే మొత్తం పీకెయ్యాలి కదా వదినగారూ. మట్టితో సహా. మళ్ళీ మొదటినుంచి. నీళ్ళు కుదురుకునేసరికి ఇల్లు కదిలేది. ఇంతవరకూ ఒక్కసారి కూడా మొక్కలు పూత దాకా రాలేదు. ఇక్కడ వస్తుందనిపిస్తోంది."

అమ్మ బియ్యంలో రాళ్ళు వెతకడం ఆపి, ఏరినవాటినే మళ్ళీ ఏరింది. అమ్మకు అప్పటికే తెలిసిన విషయం ఒకటుంది.

పక్కింటాయన తన ఇల్లు కోచింగ్ పిల్లల హాస్టల్ చేసేశాడు. గదికి నాలుగు మంచాలు వేసి, మా పై వాటా కూడా కలుపుకుంటానని నాన్న వెంట పడ్డాడు. నాన్నకు ఆశ పుట్టింది. కానీ టీచరును ఖాళీ చెయ్యమనడానికి ఒక కారణం కావాలి. నాన్న మర్యాదస్తుడు, కారణం లేకుండా ఎవరినీ బాధపెట్టడు. రెండు రోజులు వెతికి పట్టుకుని మేడెక్కాడు. వెనకే మేమూ ఎక్కాం.

"మేడం, నిల్వ నీళ్ళాయె. దోమలు అయితున్నయి. పిల్లలున్న ఇల్లు."

టీచరు లేచి పెట్టె ముందునుంచి తప్పుకుంది. "ఒక్క దోమపిల్లను చూపించండి అన్నయ్యగారూ."

నాన్న వంగి చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. దోమపిల్లలు పుట్టి ఉంటే గప్పీలు ఎప్పుడో భోంచేసి ఉంటాయి. వాటిలో ఒకటి వచ్చి నాన్న ముక్కుకు ఎదురుగా నిలబడింది.

"మీకు ఇల్లు కావాలంటే చెప్పండి, వెళ్ళిపోతాను. నీళ్ళ మీద పెట్టకండి" అంది టీచరు. గొంతు పెంచలేదు.

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "గట్ల గాదు మేడం. నీళ్ళు సాఫ్ ఉన్నన్ని రోజులు ఉండుండ్రి. ఖరాబైతే గప్పుడు సూద్దాం" అని దిగిపోయాడు. ఆ మాటతో మొత్తం కాపురం ఒక గాజు పెట్టెలోకి వచ్చి పడింది. నీళ్ళు తేటగా ఉంటే ఆవిడ ఉంటుంది, పాడైతే వెళ్ళాలి.

ఈ సంగతి తెలిసి, టీచరుకు సాయం చెయ్యాలని అందరికన్నా ముందు నడుం కట్టింది నాయనమ్మ. అదే వచ్చిన చిక్కు.

ఆవిడ పుట్టుకతో రైతు. పెట్టెలో రెండాకులు పసుపుబడటం ఆవిడ కంటపడింది. పసుపుబడ్డ ఆకు చూసి ఊరుకోవడం ఆ వంశంలో లేదు. టీచరు కాలేజీకి వెళ్ళినప్పుడు, మల్లెచెట్టు కోసం ఊరినుంచి తెప్పించిన మేక పెంటికలు కొన్ని తీసుకెళ్ళి, మొక్కల మొదట్లో శ్రద్ధగా జారవిడిచింది.

కొద్దిరోజుల్లో నీళ్ళు పెసరపప్పు కడిగిన నీళ్ళలా అయ్యాయి. ఆ తరవాత గోంగూర ఉడికిన నీళ్ళలా. చివరికి పెట్టెలో చేపలున్నాయో లేదో కనబడలేదు. రెండు గప్పీలు పైకి తేలితే తెలిసింది, ఉన్నాయని.

టీచరు గాజుకు దగ్గరగా వంగి చూసి, అడుగున గాజును ఆనుకున్న నల్లని గోళీలను గుర్తుపట్టింది. నాయనమ్మ దాచలేదు. దాచాల్సిన పని చేశానని ఆవిడకు అనిపిస్తేగా.

"నేనే ఏసిన బిడ్డా. ఆకు పసుపుబడ్డది, బలం లేక."

"యూరియా పనికిరాదన్నాను కదండీ మామ్మగారూ."

"యూరియా మందు. ఇది ఎరువు."

టీచరు కొంతసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "ఎంత వేశారు?"

"గుప్పెడే. నీ గుప్పెడు గాదు, నా గుప్పెడు."

మడులకు మడులు నాట్లు వేసిన నాయనమ్మ గుప్పెడు మామూలు గుప్పెడు కాదు. టీచరు నవ్వింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళేనని నాయనమ్మ నమ్మింది. నేను నమ్మలేదు.

నాన్న వచ్చి చూశాడు. గెలిచినవాడి మొహం లేదు ఆయనకు. దుకాణంలోకి కాలిన మోటరు వచ్చినప్పటి మొహం ఉంది. "ఎవరు ఏస్తే ఏంది మేడం. మోటరుంటే గింత దాక రాకుండె."

"కాలేజీ సెలవులు అయిపోయేదాకా ఆగండి అన్నయ్యగారూ. తేరుకోకపోతే నేనే ఖాళీ చేస్తాను."

ఆవిడ సన్నని రబ్బరు గొట్టంతో పెంటికలను ఒక్కొక్కటే లాగేసింది. డాబా గోలెంలో పెరుగుతున్న తేలేమొక్కలు కొన్ని, ఎక్కువైన ఎరువును పీల్చేస్తాయని, తెచ్చి నీళ్ళ మీద వదిలింది. ఎండ నేరుగా తగలకుండా పెట్టెకు ఒక పాత చీర చుట్టింది. తరవాత కుర్చీ వేసుకుని, వేలికి కొంగు చుట్టుకుని, ఏమీ చెయ్యకుండా కూర్చుంది. సెలవులకు ఊరికి కూడా వెళ్ళలేదు.

వారం గడిచాక నాన్న ఉండబట్టలేకపోయాడు. పొట్టి డబ్బాలో ఇమిడే చిన్న ఫిల్టరు మోటరు ఒకటి తన చేత్తో చుట్టి పట్టుకెళ్ళాడు. ఆవిడను ఖాళీ చేయించాలనుకుంటున్న మనిషి ఆవిడను గెలిపించడానికి మోటరు చుట్టడం ఏమిటని మీరడగవచ్చు. నాన్నకు అవి రెండూ వేరువేరు శాఖలు.

"పెట్టుకోండ్రి మేడం. చప్పుడు సుత రాదు."

టీచరు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని తిప్పి చూసింది. తీగ ఎంత ఒద్దికగా చుట్టి ఉందో చూసి, "ఎంత బాగా చేశారండీ" అంది. మనస్ఫూర్తిగానే అంది. పుస్తకాల అరలో అందరికీ కనపడేచోట పెట్టుకుంది. కరెంటుకు మాత్రం తగిలించలేదు. నాన్న రెండు మూడు సార్లు ఏదో వంకతో పైకెళ్ళి, అరలోనే ఉందని చూసుకుని, దిగివచ్చాడు.

సెలవులు ముగిసే సమయానికి గాలిదుమారం వచ్చింది. ద్రాక్షతోటలో మిగిలిన తీగలు ఊడి కరెంటు స్తంభాల మీద పడ్డాయి, స్తంభాలు రోడ్డు మీద పడ్డాయి. రాళ్ళవాన కురిసి, చల్లబడి, తెల్లవారింది కానీ కరెంటు రాలేదు. రెండోరోజూ రాలేదు.

మా ముందుగదిలో ఈతగాడి టోపీలోంచి బుడగలు ఆగిపోయాయి. గోల్డ్ ఫిష్‌లు పైకి తేలి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. నాన్న మమ్మల్నందరినీ వరసలో నిలబెట్టాడు. చెంబుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి పొయ్యాలి, ఇరానీ హోటల్లో చాయ్ పోసినట్టు. అమ్మ, అక్క, నేను, వంతులవారీగా. ఆయన సైకిలు పంపుతో గాలి కొట్టాడు. పక్కగదిలో మోటర్లు గుట్టలుగా పడి ఉన్నాయి, అన్నీ రిపేరు అయినవే. ఒక్కటీ తిరగదు. నాన్న మధ్యమధ్య వాటివైపు చూస్తున్నాడు, చేసిన మేలు మరిచిన చుట్టాలవైపు చూసినట్టు.

ఒక చేప పక్కకు ఒరిగింది. నాయనమ్మ పెట్టెలోకి చెయ్యిపెట్టి చేపలన్నీ బకెట్లోకి తోడుకుంది.

"యాడికే అమ్మా?"

"టీచరు తానికి."

"గా గోంగూర నీళ్ళల్లకా?"

"నీ నీళ్ళు సాఫే ఉన్నయి గద. ఏం జేసినయి?"

అందరం వెనకాలే మెట్లెక్కాం. టీచరు బకెట్లోకి చూసింది. తన పెట్టెలోకి మాత్రం వద్దంది. అన్ని పెద్ద చేపల్ని ఆ పెట్టె మొయ్యలేదట. నాయనమ్మ మొహం చిన్నబోయేలోగా ఆవిడే బకెట్ అందుకుని డాబా ఎక్కింది. గోలెం నిండా, కత్తిరించి పడేసిన కొమ్మలు అడవిలా అల్లుకుని ఉన్నాయి. కింద నీళ్ళు తేటగా ఉన్నాయి. గోలెం నీళ్ళు చెంబెడు చెంబెడు బకెట్లో కలిపి, కొంతసేపు ఆగి, మళ్ళీ కలిపి, అప్పుడు చేపల్ని వదిలింది. ఒరిగిన చేప కాసేపు అలాగే ఉండి, ఒక ఆకు కింద నిటారుగా నిలబడింది. ఎదురీదవలసిన పని లేకపోవడంతో వాటికి ఏం చెయ్యాలో తోచినట్టు లేదు.

కిందికి దిగుతూ నాన్న టీచరు గది గుమ్మం దగ్గర ఆగాడు. పెట్టె చుట్టూ చీర ఇంకా అలాగే ఉంది.

"ఇప్పి సూసిండ్రా మేడం?"

"లేదండి. భయమేసి విప్పలేదు."

ఆవిడ నోట భయమనే మాట వినడం నాకదే మొదలు. ఆవిడ ముడి విప్పింది. చీర జారింది.

నీళ్ళు లేవనిపించింది. ఆకులూ, ఇసుకా, నత్తలూ, గప్పీలూ గాల్లో ఉన్నట్టున్నాయి. అంత తేట. టీచరు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. కిటికీలోంచి పొద్దుటి ఎండ మెల్లగా పెట్టెలోకి జరిగింది. కాసేపటికి ఒక ఆకు అంచున ముత్యంలాంటి బుడగ ఒకటి మొలిచింది. పెరిగి, విడిపోయి, పైకి వెళ్ళింది. దాని వెనక ఇంకొకటి. తరవాత పక్క ఆకునుంచి, ఆ పక్క కొమ్మనుంచి, దారం కట్టినట్టు వరసలు.

నాన్న బల్ల వెనక్కి వంగి తీగ కోసం చూశాడు. అరలో మోటరు ఉందో లేదో చూశాడు. ఉంది. ఊరంతా కరెంటు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చిందేమో, నిటారుగా లేచాడు.

"గాలి యాడికెళ్ళి ఒస్తున్నది మేడం?"

"ఆకులోంచండి. ఎండ పడితే ఇస్తుంది."

"చప్పుడు లేదు."

"ఉండదండి."

నాన్న నేల మీద చతికిలబడ్డాడు. దుకాణంలో కొత్తరకం మోటరు వస్తే ఎలా కూర్చునేవాడో అలా. మమ్మల్ని కిందికి పొమ్మన్నాడు. మధ్యాహ్నం అన్నానికి అమ్మ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

కరెంటు వచ్చిన మర్నాడు పక్కింటాయన మంచాలు కొలిచే టేపుతో వచ్చాడు.

"సెలవులు అయిపాయె. పైన ఎప్పుడు ఖాళీ అయితది?"

నాన్న రాగితీగ చుడుతూ తలెత్తలేదు. "కాదు."

"నువ్వే అంటివి గదనే, పంపిస్త అని."

"అన్న. పైన నడుస్తున్న మోటరుంది. నడిచేదాన్ని ఎవడన్న ఇప్పుతడా?"

పక్కింటాయన పైకి చెవి పెట్టి విన్నాడు. "చప్పుడు వస్తలేదు గద."

"మంచిది గట్లనే ఉంటది" అన్నాడు నాన్న.

టీచరు అలా ఉండిపోయింది. తరవాతి చలికాలంలో పెట్టెలోంచి ఒక మొక్క నీళ్ళ పైకి సన్నని కాడ వేసి, నువ్వుగింజంత తెల్లపువ్వు పూసింది. దాన్ని చూడటానికి గల్లీ అంతా వచ్చింది. అన్ని మెట్లెక్కాక అంత చిన్న పువ్వేనా అన్నవాళ్ళకు నాయనమ్మ సమాధానం చెప్పింది; అది ఇక్కడ రాయడం బాగుండదు. మా ముందుగదిలో గాజు పెట్టెను ఆదివారాలు కడగడం ఆగిపోయింది. ఈతగాడు కొన్నాళ్ళు మా స్నానాల గదిలో ఉండి రిటైరయ్యాడు.

ఎన్నో ఏళ్ళకు టీచరు నాగోల్‌లో సొంత ఫ్లాటు కొనుక్కుంది. పెట్టెను పీకడానికి ఆవిడకు చేతులు రాలేదు. తడి తువ్వాలులో కొన్ని కొమ్మలు మాత్రం చుట్టుకుని, మిగతాదంతా నాన్నకు అప్పగించింది. ఏం చెయ్యాలో చెప్పమని నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమీ చెయ్యకండి అన్నయ్యగారూ. అంతే."

నాన్నకు అంత కష్టమైన పని ఎవరూ అప్పగించి ఉండరు. ఆ ఇల్లూ, ఆ గల్లీ, ద్రాక్షతోటా ఇప్పుడు లేవు. వాటి చోట నిలబడ్డ అపార్టుమెంట్లలో ఏది మాదో నేనూ ఠక్కున చెప్పలేను. కానీ అప్పట్లో పొద్దున్నే పై వాటా కిటికీ దగ్గర, ఆ పెట్టె ముందు నాన్న కూర్చున్న తీరు చెప్పగలను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవాడు. ఒక ఆకు పసుపుబడితే కుడిచెయ్యి బయటికొచ్చి నీళ్ళదాకా వెళ్ళేది. అక్కడ కాసేపు ఆగి, ఏమీ ముట్టుకోకుండా వెనక్కి వచ్చి మళ్ళీ తొడ కింద చేరేది. చాయ్ పట్టుకుని పైకెళ్ళిన మేం, అంత పనిలో ఉన్న మనిషిని పలకరించకూడదని, గ్లాసు గుమ్మంలో పెట్టి చప్పుడు కాకుండా దిగివచ్చేవాళ్ళం.